రెండు నిమిషాలలో రెండు సంస్కృతులు

మన సంస్థలో ఏ యంత్రభాగం కొనాలన్నా ముందుగా తయారు కావలసినది తులనాత్మక పట్టిక. వాడుకలో మనమందరం దానిని ‘కంపారిటివ్ స్టేట్‌మెంట్’ అంటాం. ఒక సరఫరాదారు చెప్పిన ధర అతని ఫ్యాక్టరీ గేటు వద్దది, మరొకరిది మన స్టోర్సుకు చేర్చి ఇచ్చేది. ఒకరు పన్నులు కలిపి చెబుతారు, ఇంకొకరు విడిగా చూపుతారు. ఆ అంకెలను ఉన్నవి ఉన్నట్లు పక్కపక్కన వ్రాసి, తక్కువ ధర ఫలానావారిదని తేల్చేస్తే ఆడిట్‌వారు ఊరుకోరు. రవాణా, బీమా, పన్నులు అన్నీ లెక్కగట్టి, ధరలన్నింటినీ ఒకే ప్రాతిపదికకు తెచ్చిన పిమ్మటనే పోలిక మొదలవుతుంది. సంస్కృతులను పోల్చే సందర్భంలో కూడా ఈ నియమమే వర్తిస్తుందన్నది ఈ నెల ముచ్చట.

ఇందుకు సందర్భం ఒక స్పానిష్ భాషా పరీక్ష. మన ఉద్యోగుల కుటుంబాలలో చాలామందికి నేడు అమెరికాలో అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో బిడ్డలో ఉన్నారు. అక్కడి ఉన్నత పాఠశాలలలో చదివే మన పిల్లలు పలువురు స్పానిష్‌ను ఒక భాషగా ఎంచుకుంటారు. టెక్సాస్‌లో ఉన్న మా తమ్ముని కుమార్తె కూడా అదే చేసింది. పాఠశాలలో ఉండగానే కళాశాల స్థాయి విషయాన్ని చదివి, మే నెలలో పరీక్ష వ్రాసే పద్ధతి ఒకటి అక్కడ ఉంది. దానిని అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ అనీ, పొట్టిగా ఏ.పి. అనీ అంటారు. అది మన ఆంధ్రప్రదేశ్ అనుకొని మా అమ్మ మొదట ఎంతో సంతోషించింది!

కాలేజ్ బోర్డు అనే సంస్థ నిర్వహించే ఈ పరీక్షకు 2014లో కొత్త రూపం వచ్చింది. ఆ రూపంలో అభ్యర్థి సొంతంగా వ్రాసి, మాట్లాడి చూపవలసిన అంశాలు నాలుగు. ఒక ఉత్తరానికి జవాబు, ఒక వాదవ్యాసం, ఒక సంభాషణ, చివరగా సాంస్కృతిక తులన. ఒక్కొక్కదానికి మొత్తం మార్కులలో ఎనిమిదవ వంతు, అనగా 12.5 శాతం. చివరి అంశానికి విధించిన పద్ధతి ఇది: ప్రశ్న చేతికి వచ్చాక ఆలోచించుకొనడానికి 4 నిమిషాలు, మాట్లాడడానికి 2 నిమిషాలు. స్పానిష్ మాట్లాడే ఏదో ఒక ప్రాంతపు ఆచారాన్ని తనకు తెలిసిన మరొక సమాజంతో పోల్చి చెప్పాలి. ఎదుట మనిషి ఉండడు, యంత్రం ధ్వనిని ముద్రించుకుంటుంది. కుటుంబాలు, సమకాలీన జీవితం, విజ్ఞాన సాంకేతికతలు, సౌందర్యం, ప్రపంచ సమస్యలు, వ్యక్తిగత సామాజిక అస్తిత్వాలు అనే ఆరు ఇతివృత్తాలలో దేని నుండైనా ప్రశ్న రావచ్చు. ఇటువంటి పరీక్షల నియమాలను ఎప్పటికప్పుడు సవరిస్తూ ఉంటారు కనుక ఏ ఏటి నియమాలను ఆ ఏడు పాఠశాలలో అడిగి తెలుసుకొనడం అవసరం. నియమాలు మారినా ఈ కసరత్తు వలన కలిగే ప్రయోజనం మారదు.

రెండు నిమిషాలంటే, నేర్చుకుంటున్నవారి వేగంలో, సుమారు రెండు వందల మాటలు. అందులో రెండు సమాజాలు, వాటి పోలికలు, భేదాలు, వాటికి కారణాలు ఇమడాలి. చాలామంది పిల్లలు తరగతిలో చదువుకున్న మెక్సికో గురించి ఒకటిన్నర నిమిషం ధారాళంగా మాట్లాడి, మిగిలిన కొద్ది సెకన్లలో ‘మా ఇంట్లో కూడా పండుగలు చేసుకుంటాం’ అని ముగిస్తారట. మరికొందరు ముందు అటు జాబితా, తరువాత ఇటు జాబితా చదువుతారు. రెండూ కొటేషన్లే కాని తులనాత్మక పట్టిక కాదు.

మా పిల్ల ఎంచుకున్న అభ్యాస ప్రశ్న ఇది: గతించిన పెద్దలను మీ సమాజం ఎట్లా స్మరించుకుంటుంది? మెక్సికో పక్షం ఆమెకు కంఠస్థం. ప్రతి సంవత్సరం నవంబరు 1, 2 తేదీలలో అక్కడ ‘దియా దె ముయెర్తోస్’, అనగా మృతుల దినం, జరుపుకుంటారు. మొదటి రోజు పసితనంలో పోయినవారికి, రెండవది పెద్దలకు అని సాధారణ వాడుక. ఇంట్లో ‘ఒఫ్రెందా’ అనే వేదిక అమర్చి, గతించినవారి ఛాయాచిత్రాలు, నీరు, ఉప్పు, కొవ్వొత్తులు, వారికి ప్రీతికరమైన వంటకాలు, ‘పాన్ దె ముయెర్తో’ అనే ప్రత్యేకమైన రొట్టె ఉంచుతారు. కోపాల్ అనే సువాసన గల బంకతో ధూపం వేస్తారు. శ్మశానాలలో సమాధులను అలంకరించి, కొన్ని ఊళ్ళలో రాత్రంతా జాగారం చేస్తారు. మిచోవకాన్ రాష్ట్రంలోని పాత్స్‌క్వారో సరస్సు పరిసరాలు ఇందుకు ప్రసిద్ధి. స్థానిక ఆదివాసుల ఆచారాలు, స్పెయిన్ నుండి వచ్చిన కేథలిక్ పర్వదినాలు కలిసిపోగా ఏర్పడిన ఈ సంప్రదాయాన్ని 2008లో యునెస్కో మానవాళి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

ఇక్కడ ఒక చిన్న జాగ్రత్త చెప్పాను. మెక్సికో నగరంలో ఆ రోజులలో జరిగే బ్రహ్మాండమైన ఊరేగింపును ఆమె ‘అనాదిగా వస్తున్న ఆచారం’ అని వ్రాసుకుంది. ఆ ఊరేగింపు మొదలైనది 2016లో. 2015లో విడుదలైన జేమ్స్‌బాండ్ చిత్రం ‘స్పెక్టర్’లో అటువంటి దృశ్యం కల్పించారు. దానిని చూసి వచ్చే యాత్రికుల కోసం మరుసటి ఏడు నిజంగానే ప్రారంభించారు. ఇళ్ళలోని వేదిక పాతది, వీధిలోని ఊరేగింపు కొత్తది. సంస్కృతిని గురించి చెప్పేటప్పుడు ఏది ఎప్పటిదో తెలిసి చెప్పడం మనం డ్రాయింగుపై సవరణ సంఖ్య వేయడం వంటిది.

అసలు చిక్కు రెండవ పక్షం దగ్గర వచ్చింది. ‘పెదనాన్నా, మనలో చనిపోయినవారికి పండుగ లేదు కదా! ఇంకేదైనా ప్రశ్న తీసుకోనా?’ అని అడిగింది. స్పానిష్ నేర్పడం ఆమె ఉపాధ్యాయిని వంతు. ఈ ప్రశ్నకు జవాబు మాత్రం మా ఇంట్లోనే ఉంది. ఫోను మా అమ్మ చేతికి ఇచ్చాను.

నాయనమ్మ చెప్పినదాని సారాంశం ఇది. మా కోస్తా పల్లెలో సంక్రాంతి పెద్దల పండుగ. ఆనాడు గతించినవారి పేరు చెప్పి కొత్త బట్టలు పెట్టి, వారికి ఇష్టమైనవి వండి నివేదించి, దండం పెట్టుకొన్న తర్వాతనే ఇంట్లోవారు కొత్త బట్టలు కట్టుకొనేవారు. మా నాయనమ్మకు అరిసెలంటే ప్రాణం కనుక అవి లేకుండా ఆ విస్తరి ఏనాడూ వేయలేదు. టెక్సాస్‌లో కూడా ఆ పిల్ల ఏటా సంక్రాంతికి కొత్త బట్టలు కట్టుకుంటోంది, అరిసెలు తింటోంది. అవి ఎవరి పేరిట మొదలైనవో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

మరునాడు కార్యాలయంలో ఈ మాట వస్తే, వరంగల్ నుండి వచ్చిన మా సెక్షన్ మిత్రుడు తమ పెత్రమాసను గుర్తు చేశాడు. భాద్రపద బహుళ పక్షం పెద్దలకు ఉద్దేశించిన మహాలయ పక్షం. ఆ పక్షం ముగిసే అమావాస్యనాడు తెలంగాణలో పెద్దల పేరిట బియ్యం, పప్పు, కూరగాయలు దానమిస్తారు. ఆ సాయంత్రమే ఎంగిలిపూల బతుకమ్మ మొదలవుతుంది. పెద్దలను తలచుకొనడం, పువ్వులు పేర్చడం ఒకే రోజున జరుగుతాయి.

ఇంతవరకు విని మా పిల్ల ఒక సిద్ధాంతం చేసింది. ‘మెక్సికోవారు సమాధుల దగ్గరకు వెళతారు, తెలుగువారు వెళ్ళరు’ అని. వాక్యం అందంగా ఉంది, కాని సరికాదు. కరీంనగర్ పట్టణంలో కొన్ని దళిత కుటుంబాలు దీపావళినాడు శ్మశానవాటికకు వెళ్ళి, తమవారి సమాధులను శుభ్రం చేసి, పూలతో అలంకరించి, దీపాలు వెలిగించి, పోయినవారికి ఇష్టమైన పదార్థాలు అక్కడ ఉంచుతాయి. పిల్లలు అక్కడే టపాకాయలు కాలుస్తారు. దీపావళి సాధారణంగా అక్టోబరు, నవంబరు నెలలలో వస్తుంది కనుక కాలం కూడా దాదాపు అదే. తెలుగువారిలోని కేథలిక్ కుటుంబాలు నవంబరు 2న సమాధులవద్ద కొవ్వొత్తులు వెలిగించి ప్రార్థిస్తాయి. మెక్సికోలోని తేదీ, ఈ తేదీ ఒకే క్రైస్తవ పంచాంగం నుండి వచ్చినవి. ‘తెలుగువారు’ అన్న మాటలో ఎందరున్నారో గుర్తించక సిద్ధాంతం చేస్తే ఇంటి పక్షమే తప్పుతుంది.

అందువల్ల మొదటి సూత్రం: పోల్చవలసిన సమాజాన్ని పేరు పెట్టి చెప్పాలి. స్పానిష్ ఇరవై దేశాలలో అధికార భాష. ‘స్పానిష్ మాట్లాడేవారు’ అంటే అర్జెంటీనా పశువుల కాపరి, ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ గుమస్తా ఇద్దరూ అందులోకి వస్తారు. మన టౌన్‌షిప్‌లో ఎవరైనా ‘మద్రాసీలంతా ఇడ్లీలే తింటారు’ అంటే మనకు ఎట్లా ఉంటుందో వారికీ అట్లాగే ఉంటుంది. ‘మిచోవకాన్‌లోని పల్లెలలో’ అనీ, ‘కోస్తా ఆంధ్రలోని మా కుటుంబంలో’ అనీ చెబితే మాట సురక్షితంగా ఉంటుంది, పరీక్షకుడికి చెప్పేవారిపై నమ్మకమూ కలుగుతుంది.

రెండవ సూత్రం ఒకే ప్రాతిపదిక. రెండు పక్షాలకూ అవే ప్రశ్నలు వేయాలి. మేము మూడు ప్రశ్నలు వేసుకున్నాం. ఎప్పుడు? అక్కడ అందరికీ ఉమ్మడిగా నిర్ణీతమైన తేదీలు. మన మహాలయ పక్షం, సంక్రాంతి అటువంటివే, కాని వాటికి తోడు ఒక్కొక్కరికి వారు పోయిన తిథినాడు విడిగా తద్దినం పెట్టే కుటుంబాలు మనకు ఉన్నాయి. దేని ద్వారా? అక్కడ ఛాయాచిత్రం ముఖ్యం. మన తర్పణంలో పేరు, గోత్రం ముఖ్యం. తండ్రి, తాత, ముత్తాత అని మూడు తరాల పేర్లు నోటితో పలకాలి. ఎవరు? అక్కడ వేదిక అమర్చడంలో ఇంటిల్లిపాదీ, చిన్నపిల్లలు సైతం, చేయి వేస్తారు. మన తర్పణం సాధారణంగా కుమారులు విడుస్తారు, ఆడవారు వంట, నివేదన చూసుకుంటారు.

ఈ మూడవ ప్రశ్న దగ్గర ఆమె ఆగింది. ‘అంటే తాతగారి పేరు నేను పలకకూడదా? ఇది చెబితే మనల్ని తక్కువగా అనుకోరా?’ అని అడిగింది. చాలా కుటుంబాలలో వాడుక అదేననీ, ఉన్నది ఉన్నట్లు చెప్పమనీ, దానిపై తన అభిప్రాయం వేరుగా ఉంటే అది కూడా ఒక వాక్యంలో చెప్పవచ్చుననీ అన్నాను. తులన చేసేవాడు తన పక్షం గెలవాలని కూర్చోకూడదు. మన ఆచారం ఘనమని నిరూపించడానికి గాని, చిన్నబుచ్చుకొని దాచడానికి గాని ఆ రెండు నిమిషాలు ఇవ్వలేదు. భేదం ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో చెప్పగలిగితే చాలు.

మూడవ సూత్రం: పైకి కనిపించే సామ్యాన్ని చూసి మోసపోకూడదు. మెక్సికోలో డిసెంబరు 16 నుండి 24 వరకు తొమ్మిది రాత్రులు ‘పోసాదాస్’ జరుపుతారు. గర్భవతియైన మరియమ్మ, యోసేపు బస కోసం ఇల్లిల్లూ అడిగిన కథను పాటలు పాడుతూ ఇంటింటికీ వెళ్ళి అభినయిస్తారు. మన ధనుర్మాసం కూడా డిసెంబరు 16 ప్రాంతాలనే మొదలై, హరిదాసు ఇంటింటికీ వస్తాడు. తేదీ కలిసింది, పాట కలిసింది, గడప కలిసింది. అయినా అక్కడ వచ్చినవారు ఆశ్రయం అడుగుతారు, ఇక్కడ హరిదాసు నామకీర్తన వినిపించి బియ్యం స్వీకరిస్తాడు. ఆ భేదం చెప్పకుండా రెండూ ఒకటే అంటే కొలత తప్పినట్లే.

బంతిపువ్వు సంగతి కూడా ఇటువంటిదే. మృతుల దినాన మెక్సికోలో దారి పొడవునా చల్లే పువ్వు బంతి. అక్కడ దానిని ‘సెంపసూచిల్’ అంటారు. ఇరవై రేకుల పువ్వు అని నావాత్ల్ భాషలో దాని అర్థం. మన బతుకమ్మలోనూ గొబ్బెమ్మలపైనా ఉన్నది కూడా బంతే. కాని ఆ మొక్క పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. సముద్ర మార్గాలు ఏర్పడిన తర్వాత యూరోపియన్ల ద్వారా, మిరపకాయ వలెనే, మనకు చేరింది. కనుక రెండు దేశాలలో ఒకే పువ్వు ఉండడం ప్రాచీన సంబంధానికి నిదర్శనం కాదు. పరాయి నేల నుండి వచ్చిన పువ్వును మన పండుగ ఎంతగా సొంతం చేసుకుందో చెప్పడానికి మాత్రం అది చక్కని ఉదాహరణ.

ప్రశ్న మరొక ఇతివృత్తం నుండి వచ్చినా మన ఇంట్లో సామగ్రికి కొరత లేదు. పేర్లనే తీసుకోండి. స్పానిష్ సంప్రదాయంలో మనిషికి రెండు ఇంటిపేర్లు. మొదటిది తండ్రిది, రెండవది తల్లిది. 1982లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న కొలంబియా రచయిత గాబ్రియేల్ గార్సియా మార్కేస్ పేరులో గార్సియా తండ్రి వైపుది, మార్కేస్ తల్లి వైపుది. స్పెయిన్‌లో 2017 నుండి ఏది ముందు ఉండాలో తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి. అక్కడ స్త్రీ వివాహానంతరం తన ఇంటిపేరు మార్చుకోదు. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, తండ్రి నుండి వస్తుంది, పెళ్ళితో స్త్రీకి మారుతుంది. తల్లి పుట్టింటి పేరు ఒక తరం గడిస్తే మరుగున పడుతుంది. ఈ ఒక్క విషయంతో రెండు నిమిషాలు నిండుగా గడుస్తాయి.

ఇక కాలాన్ని వినియోగించే విధానం. నాలుగు నిమిషాలలో మొదటి నిమిషం ప్రశ్న చదివి, సమాజాలను ఎంచుకొనడానికి. తరువాతి రెండు నిమిషాలలో కాగితంపై రెండు నిలువు గళ్ళు, మూడు అడ్డువరుసలు గీసి, గడికి మూడు నాలుగు మాటలు వ్రాయాలి. పూర్తి వాక్యాలు వ్రాయబోతే కాలం చాలదు. చివరి నిమిషంలో మొదటి వాక్యం, వంతెన మాటలు సిద్ధం చేసుకోవాలి. ‘అల్ ఇగువాల్ కే’ అంటే అదే విధంగా, ‘ఎన్ కాంబియో’ అంటే అందుకు భిన్నంగా, ‘మియెంత్రాస్ కే’ అంటే ఇక్కడ ఇట్లా ఉండగా అక్కడ అట్లా. పోలిక జరుగుతున్నదని వినేవారికి తెలిపేవి ఈ మాటలే. మాట్లాడే 120 సెకన్లలో ప్రారంభానికి 15, మూడు వరుసలకు ముప్పై చొప్పున 90, ముగింపుకు 15. ప్రతి వరుసలోనూ రెండు పక్షాలూ వెంటవెంటనే రావాలి. ‘తద్దినం’ వంటి మాటకు స్పానిష్‌లో సమానార్థకం వెదకనక్కరలేదు. చాంద్రమాన పంచాంగం ప్రకారం ఏటా చేసే స్మరణ అని వివరించి ముందుకు సాగాలి.

గడియారం పెట్టుకొని ఆమె చేసిన మొదటి అభ్యాసం మూడు నిమిషాలు దాటింది. ఐదవసారికి రెండు నిమిషాలలో ఇమిడింది. ఆ ఐదవసారి మా అమ్మ ఫోనులో విన్నది. స్పానిష్ ఆమెకు ఒక్క ముక్క రాదు. మధ్యలో తన అత్తగారి పేరు, వెంటనే ‘అరిసెలు’ అన్న మాట వినబడేసరికి తల ఊపింది. ముత్తాత పేరు అడిగి వ్రాసుకోవాలని పిల్లకు తట్టింది కూడా ఆ రోజే. మా తమ్మునికి కూడా ఆ పేరు తెలియదు. ఇప్పుడు దానిని చెప్పగలిగినవారు మా ఇంట్లో ఒక్కరే ఉన్నారు, ఆమెకు ఎనభై ఐదేళ్ళు.

మెక్సికో సంగతులు పుస్తకాలలో దొరుకుతాయి, పాఠశాలలో చెబుతారు, 2017లో వచ్చిన ‘కోకో’ చిత్రంలోనూ కొంత చూడవచ్చు. మన ఇంటి పక్షం మాత్రం ఏ పుస్తకంలోనూ ఉండదు. అది పెద్దలను అడిగి తెలుసుకోవలసినదే. కనుక పాఠక మిత్రులకు ఒక మనవి. దూరదేశం నుండి పిల్లలు ఫోను చేసి ‘మనం ఇది ఎందుకు చేస్తాం?’ అని అడిగినప్పుడు ‘అది మన ఆచారం’ అని ముగించవద్దు. ఏ ఊరిలో, ఏ రోజున, ఎవరు, ఏమి వండి, ఎవరి పేరు చెప్పి చేసేవారో వివరంగా చెప్పండి. తెలియకపోతే ఇంట్లో పెద్దవారికి ఫోను అందించండి. ఈ ఆదివారం ఒక అరగంట కేటాయించి, మూడు తరాల పేర్లు ఒక కాగితంపై వ్రాసి, ఎవరికి ఏ వంటకం ఇష్టమో పక్కనే వ్రాసి పెట్టండి. ఇంట్లో పరీక్షకు కూర్చొనే పిల్లలు లేకపోయినా సరే, ఆ కాగితాన్ని భద్రపరచండి.